"పదిహేనేళ్ళు మేం నేర్పింది ఏమైంది?" – హాస్టల్‌కి వెళ్ళి మారిపోయిన కొడుకు గురించి ఒక అమ్మకు జవాబు

పరకాల దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. కొడుకు పదో తరగతి దాకా ఊళ్ళోనే చదివాడు. నెమ్మదస్తుడు, పత్తి ఏరే రోజుల్లో బడి నుంచి రాగానే చేను కాడికి వచ్చేవాడు. ఇంజనీర్ అవుతానంటే నిరుడు హనుమకొండలో ఇంటర్ చేర్పించి హాస్టల్‌లో వేశారు. మొన్న దసరా సెలవులకు వచ్చిన పిల్లాడు వేరే మనిషిలా ఉన్నాడట. మాటకు మాట ఎదురు చెప్తున్నాడు, నాన్న నలుగురిలో మాట్లాడితే నామోషీ పడుతున్నాడు, ఫోన్లో దోస్తులతో మాట్లాడేటప్పుడు నోటికొచ్చిన బూతులు. ఆమెను ఎక్కువ కలవరపెట్టింది ఇంకోటి: హాస్టల్‌కి ఫోన్ చేసి అడిగితే వార్డెన్ "మీవాడంత బుద్ధిమంతుడు లేడమ్మా" అన్నారు. "వీటిలో ఏది వాడి అసలు గుణం? ఇదంతా దోస్తుల ప్రభావమేనా? పదిహేనేళ్ళు మేం నేర్పింది ఏమైంది? కాలేజీ మార్చాలా, వాళ్ళ మేనమామతో గట్టిగా చెప్పించాలా?" అని అడిగారు.

అమ్మా, ముందు సూటిగా చెప్తాను. మీరు నేర్పింది ఎక్కడికీ పోలేదు. మీవాడు చెడిపోలేదు, కొత్త గుంపులో పడ్డాడు, అక్కడి లెక్కలు నేర్చుకుంటున్నాడు, ఆ వయసులో అందరూ చేసే పనే అది. కాలేజీ ఇప్పుడే మార్చకండి. మనిషి నడవడి మీద నీతులు చేసే పని తక్కువ. అతను రోజూ ఎవరి మధ్య కూర్చుంటున్నాడు, అక్కడ అతని పక్షాన ఒక్కరైనా ఉన్నారా, అసలు పని చేసేది అదే. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక చేసుకుని చదవండి.

నేను మొదట ప్రభుత్వ సంక్షేమ హాస్టల్లో వార్డెన్‌గా చేశాను, తర్వాత డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్పి రిటైరయ్యాను. మనిషి నలుగురి మధ్య బతకడం ఎలా నేర్చుకుంటాడో చెప్పే సాంఘికీకరణ అని పుస్తకంలో ఒక పాఠం ఉంటుంది, పిల్లలు పరీక్షకు బట్టీ పట్టి వదిలేస్తారు. నేను ఆ పాఠాన్ని ముందు హాస్టల్ భోజనాల వరుసలో చూశాను, అందులోని పెద్ద పెద్ద పేర్లు తర్వాత తెలిశాయి. అందుకే రెండూ కలిపి చెప్తాను.

అసలు గుణం సంగతి. పుట్టుకతో వచ్చేవి ఏమీ లేవని నేను అనను. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడు పొత్తిళ్ళలో ఉన్నప్పటి నుంచే మొండి, ఇంకొకడు మెతక, ఇది ఇద్దరిని కన్న ఏ తల్లినడిగినా చెప్తుంది. కానీ ఆ మొండితనం ఎవరి ముందు చూపించాలి, ఎవరి ముందు దిగమింగాలి, ఏ పనిలో పెడితే నలుగురూ మెచ్చుకుంటారు, ఇదంతా మనుషుల మధ్య నేర్చుకునేదే. మనుషులే దగ్గర లేకపోతే ఏమవుతుందో చెప్పే కేసు ఒకటి సోషియాలజీలో అందరూ చదువుతారు. 1938లో అమెరికాలోని ఒహాయోలో ఆరున్నరేళ్ళ పాప ఒకతె బయటపడింది, రికార్డుల్లో ఇసబెల్ అని రాశారు. వినపడని, మాటలు రాని తల్లితో పాటు చీకటి గదిలో పెరిగింది. నోరు తెరిస్తే గొంతులోంచి గరగర తప్ప మాట లేదు, కొత్తవాళ్ళు కనిపిస్తే బెదిరిపోయేది. బుద్ధి ఎదగని పిల్ల అనుకున్నారు. కానీ దగ్గరుండి ఓపికగా నేర్పితే రెండేళ్ళు తిరిగేసరికి తన ఈడు పిల్లలను అందుకుంది. శక్తి ఆమెలో ముందే ఉంది, నలుగురి సహవాసం దొరికాకే అది బయటికి వచ్చింది.

ఇక నేర్చుకోవడం అంటే ఎవరో కూర్చోబెట్టి చెప్పడం కాదు. సద్దుల బతుకమ్మ నాడు మూడేళ్ళ పాపను చూడండి, తల్లి కొంగు పట్టుకుని ఆడవాళ్ళ మధ్య తిరుగుతుంటుంది. ఏ అడుగు ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు వంగాలి, చప్పట్లు ఎక్కడ పడాలి, ఎవరూ చెప్పరు. ముందున్న అక్కను చూస్తుంది, తప్పుతుంది, వెనకాల వస్తున్న పెద్దమ్మ కాలు తగిలి సర్దుకుంటుంది. ఐదో ఏటికల్లా ఉయ్యాలో పాటలో తన గొంతు కలుపుతుంది. ఆ పాపను "నీకు ఇదెవరు నేర్పారు" అని అడిగితే చెప్పలేదు. మన ఇంటి పద్ధతులు కూడా ఇలాగే ఎక్కాయి మనకు, అందుకే అవి పద్ధతులని కూడా అనిపించదు, లోకమే అలా ఉందనిపిస్తుంది. మీవాడు పెద్దవాళ్ళ ముందు లేచి నిలబడటం మీరు చెప్పి నేర్పింది కాదు, మీరు నిలబడుతుంటే చూసి నేర్చుకున్నది.

జార్జ్ హెర్బర్ట్ మీడ్ అనే ఆయన దీన్ని మెట్లుగా చెప్పాడు. చిన్నప్పుడు పిల్లలు అమ్మా నాన్న ఆట ఆడతారు, ఒకసారికి ఒక వేషం, అమ్మ అయితే అమ్మే. కొంచెం పెద్దయ్యాక జట్టుగా ఆడే ఆటల్లోకి వస్తారు. ఆయన బేస్‌బాల్ గురించి చెప్పాడు, మనకు కబడ్డీ చాలు. కూతకు పోయినవాడు అవతల ఉన్న ఏడుగురి మనసులోనూ ఏముందో ఒకేసారి తలలో పెట్టుకోవాలి, మూల ఉన్నవాడు కాలు పడతాడా, మధ్యలో ఉన్నవాడు నడుం పడతాడా అని. అలా అందరి చూపునూ కలిపి లోపల మోయడం వచ్చాకే "నలుగురూ ఏమనుకుంటారు" అన్న మాటకు అర్థం తెలుస్తుంది. మీవాడికి అది బాగా వచ్చింది. వచ్చింది కాబట్టే ఇప్పుడు ఇబ్బంది! ఇన్నాళ్ళూ ఆ నలుగురు అంటే మీ ఊరివాళ్ళు. ఇప్పుడు ఆ చోటులోకి హాస్టల్ గదిలో ఉన్నవాళ్ళు వచ్చారు.

అందుకే వార్డెన్ చెప్పిందీ నిజమే, మీరు విన్నదీ నిజమే. వార్డెన్ ముందు ఒకడు, దోస్తుల ముందు ఒకడు, మీ ముందు ఒకడు. దీన్ని దొంగ బుద్ధి అనుకోకండి. మీరు కూడా అత్తగారింట్లో మాట్లాడినట్టు తల్లిగారింట్లో మాట్లాడరు కదా. 1902లోనే చార్లెస్ కూలీ అనే ఆయన చెప్పాడు, ఎదుటివాళ్ళకు మనం ఎలా కనిపిస్తున్నామో ఊహించుకుని, వాళ్ళు దాన్ని ఎలా తీర్పు తీరుస్తున్నారో ఊహించుకుని, దాన్నిబట్టి గర్వపడటమో సిగ్గుపడటమో చేస్తాం, మన గురించి మనకుండే అభిప్రాయం అక్కడి నుంచే వస్తుందని. మీవాడికి ఇప్పుడు మూడు చోట్ల మూడు రకాల చూపులు. ముగ్గురినీ ఒక్కడిగా కలుపుకోవడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది, పట్టనివ్వండి.

హాస్టల్లో మొదటి నెల ఎలా ఉంటుందో మీకు తెలియాలి, తెలిస్తే కోపం సగం తగ్గుతుంది. మా హాస్టల్లో తొక్కు డబ్బా, అదే పచ్చడి డబ్బా, దాని సంగతి చెప్తాను. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లాడి ట్రంకు పెట్టెలో తల్లి పెట్టిన మామిడికాయ తొక్కు ఉండేది, స్టీలు డబ్బా, మూతికి పాత చీర పీలిక కట్టి. రూల్ ఏంటంటే రాత్రి భోజనానికి ఆ డబ్బా వరుస మధ్యలోకి రావాలి, ముందు సీనియర్లు వేసుకోవాలి, తర్వాత మిగతావాళ్ళు, తెచ్చినవాడు చివర. ఇది ఏ బోర్డు మీదా రాసిలేదు, నేను పెట్టిన రూలూ కాదు. ఎవడైనా పెట్టెకు తాళం వేసుకుని ఒక్కడే తింటే వాణ్ణి కొట్టేవాళ్ళు కాదు. ఊరికే పలకరించడం మానేసేవాళ్ళు. పొద్దున్నే నల్లా దగ్గర వాడి బకెట్‌కి చోటు ఆపేవాళ్ళు కాదు, నిద్ర లేపేవాళ్ళు కాదు, స్టడీ అవర్‌కి ఆలస్యమై వాడు నా దగ్గర తిట్లు తినేవాడు. వారం తిరిగేలోపు తాళం ఊడేది. ఆ డబ్బాతో పిల్లాడు రెండు నేర్చుకునేవాడు, ఉన్నది పంచుకోవాలని ఒకటి, సీనియర్ ముందు తల వంచాలని ఇంకోటి. మంచీ చెడూ రెండూ ఒకే గిన్నెలోంచి వచ్చాయి, గుంపు బతుకంతా ఇలాగే ఉంటుంది, వేరు చేసి ఇవ్వదు. మీవాడి బూతులు కూడా నా లెక్కలో ఆ వరుసలోకే వస్తాయి. పదహారేళ్ళ మగపిల్లల గదిలో బూతు చాలాసార్లు కోపం కాదు, "నేను మీలో ఒకణ్ణే" అని చెప్పుకునే తీరు. నాకు అది నచ్చుతుందని కాదు. కానీ దాన్ని చూసి పెంపకమే తప్పిందని ఏడవనక్కరలేదు.

ఇప్పుడు నేను పైన చెప్పిన ఒక్క తోడు సంగతి. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే, అందుకే దీని దగ్గర కొంచెం ఆగుతాను.

ఏటూరునాగారం అవతల నుంచి ఒక కోయ పిల్లాడు వచ్చి చేరాడు ఒక ఏడు. చురుకైనవాడు. ఇంటికి ఫోన్ చేయాలంటే మాత్రం వాటర్ ట్యాంకు వెనక్కి వెళ్ళేవాడు, గొంతు తగ్గించి కోయలో మాట్లాడేవాడు, ఎవరైనా అటు వస్తే టక్కున తెలుగులోకి మారేవాడు. మిగతా పిల్లలు వాడి మాటల్లో రెండు మూడు పట్టుకుని ఎగతాళిగా పలికేవాళ్ళు. నేను అసెంబ్లీలో చెప్పాను, అన్ని భాషలూ సమానమేనని, పిల్లలు బుద్ధిగా విన్నారు, ఏమీ మారలేదు. తర్వాత తాడ్వాయి వైపు నుంచి ఒక సీనియర్ బదిలీ మీద వచ్చాడు, వాడూ కోయ పిల్లాడే. మొదటి రోజు రాత్రి భోజనాల దగ్గర నేరుగా వెళ్ళి ఆ చిన్నోడి పక్కన కూర్చుని అందరికీ వినపడేలా కోయలో పప్పు గిన్నె ఇటు జరపమన్నాడు. నవ్వారు పిల్లలు. వాడు పట్టించుకోకుండా అన్నం కలుపుకున్నాడు. రెండో రోజు నవ్వు తగ్గింది. కొన్నాళ్ళకు అదే వరుసలోకి ఇంకో ఇద్దరు వచ్చి చేరారు, వాళ్ళు కూడా కోయ పిల్లలని రిజిస్టర్ చూసి నాకు తెలుసు గానీ వాళ్ళ నోట ఆ భాష నా చెవిన పడటం అదే మొదలు. చిన్నోడు ట్యాంకు వెనక్కి వెళ్ళడం మానేశాడు.

నేను మైకులో చెప్పి చేయలేనిది ఒక్కడు పక్కన కూర్చుని చేశాడు. దీనికి లెక్కతో కూడిన సాక్ష్యం కూడా ఉంది. 1950ల మొదట్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే సైకాలజిస్టు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశాడు. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు, వాటిలో ఏది మొదటిదానితో సమానమో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పేయగలరు. కానీ గదిలో ఉన్నవాళ్ళలో ఒక్కడు తప్ప మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకుని కావాలని తప్పు చెప్పేవాళ్ళు. పాపం ఆ ఒక్కడు ఏం చేస్తాడు? మొత్తం మీద మూడో వంతుకు పైగా జవాబుల్లో గుంపు చెప్పిన తప్పునే చెప్పారు, నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా లొంగారు. ఎదురుగా గీత కనిపిస్తోంది, అయినా. తర్వాత ఆష్ ఒక మార్పు చేశాడు, గుంపులో ఒకే ఒక్కడు సరైన జవాబు చెప్పేలా పెట్టాడు. అంతే, తప్పులు అంతకు ముందున్నవాటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. అంటే మనిషిని లొంగదీసేది గుంపు ఎంత పెద్దదన్నది మాత్రమే కాదు, తను పూర్తిగా ఒంటరినన్న భావన. ఒక్క గొంతు తోడు దొరికితే వెన్ను నిలుస్తుంది. ఇంకో సంగతి, ఆ ప్రయోగంలో దాదాపు నాలుగో వంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదు. అందుకని "దోస్తులు చెడగొట్టారు, వాడేం చేస్తాడు పాపం" అని పూర్తిగా వాళ్ళ మీదకి నెట్టేయడమూ న్యాయం కాదు.

ఈ మార్పు ఇలాగే ఉండిపోతుందా అని మీ మనసులో ఉండే ఉంటుంది, మీరు అడగకపోయినా. బెన్నింగ్టన్ అని అమెరికాలో ఒక కాలేజీ ఉంది, అప్పట్లో అది మహిళా కాలేజీ, అక్కడ థియోడర్ న్యూకోంబ్ అనే ఆయన 1935 నుంచి 1939 దాకా అమ్మాయిలను గమనించాడు. ఎక్కువ మంది డబ్బున్న, పాత భావాల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, కాలేజీలోనేమో కొత్త భావాల గాలి. 1936 ఎన్నికల్లో మొదటి ఏడాది అమ్మాయిల్లో 62 శాతం తమ ఇళ్ళలో లాగే పాత భావాల రిపబ్లికన్ అభ్యర్థి వైపు ఉంటే, పై క్లాసుల వాళ్ళలో అది 15 శాతమే. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ వెతికి అడిగితే చాలామంది ఆ కొత్త భావాల మీదే ఉన్నారు, ఎందుకంటే ఆ తర్వాత కూడా అలాంటివాళ్ళ మధ్యే బతికారు, భర్త, స్నేహితులు అందరూ అదే దారి. కాలేజీలో ఉన్నా ఇంటితో గట్టి బంధం ఉన్న అమ్మాయిలు కొందరు అసలు మారనే లేదు. దీన్నిబట్టి మీకు పనికొచ్చేది చెప్తాను: వచ్చిన మార్పు నిలిచేది దాన్ని మోసే మనుషులు చుట్టూ ఉన్నన్నాళ్ళే. ఇంటర్ గది దోస్తులు రెండేళ్ళలో చెల్లాచెదురవుతారు. మీ ఇల్లు ఉంటుంది. కాకపోతే ఆ ఇంటితో బంధం తెగకుండా ఉండాలి, రోజూ తిట్లు తినే ఇంటికి రావడానికి ఏ పిల్లాడికి మనసొస్తుంది?

నాన్న మాటకు నామోషీ పడటం. అమ్మా, అన్నిట్లోకీ నన్ను బాధపెట్టింది ఇది. పిల్లాడి మీద కోపంతో కాదు. వాడు రేపు ఇంజనీర్ కావాలనుకుంటున్నాడు, ఇంజనీర్లు ఎలా మాట్లాడతారని వాడికి టీవీలో, క్లాసులో కనిపించిందో అలా ఇప్పటి నుంచే మాట్లాడుతున్నాడు. చేరబోయే గుంపు నడవడిని ముందే తెచ్చుకోవడం, రాబర్ట్ మెర్టన్ అనే సోషియాలజిస్టు దీని గురించి వివరంగా రాశాడు. కానీ ఆ లెక్కలో మన మాట ఎందుకు కింద పడింది? తరాల తరబడి మన తెలంగాణ యాసను బడిలో తప్పని దిద్దారు, సినిమాల్లో నవ్వించేవాడి నోట్లోనో రౌడీ నోట్లోనో పెట్టారు. పిల్లాడు ఆ తీర్పును గాలిలోంచి పీల్చుకున్నాడు. ఇప్పుడు కొంత మారింది, వరంగల్‌లోనే బతికిన కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కానీ పండుగ ఒక రోజు, గది ఏడాది పొడుగునా. దీనికి మందు ఒకటే, వాడు గొప్ప అనుకునే మనిషి ఎవరైనా వాడి ముందు మన మాట మాట్లాడాలి. మీ ఊరి నుంచి వెళ్ళి వరంగల్ నిట్‌లోనో కాకతీయ మెడికల్ కాలేజీలోనో చదివినవాళ్ళు ఉంటే, పండక్కి వచ్చినప్పుడు ఒక పూట మీ ఇంటికి భోజనానికి పిలవండి. "మావాడికి బుద్ధి చెప్పు" అనకండి. ఊరికే నాన్నతో కూర్చుని మాట్లాడనివ్వండి, మీవాడు వింటాడు.

దోస్తులు, హాస్టల్ అని మాట్లాడుతున్నాం గానీ, దాని వెనక పెద్ద సమాజం ఉంది. నేను వార్డెన్‌గా ఉన్నప్పుడు ఏ పిల్లాడు ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు, కానీ నెల తిరిగేసరికి వరుసల్లో కులం కనిపించేది. ఆ పిల్లలు చెడ్డవాళ్ళు కారు, ఊళ్ళో ఏ వాడ ఎక్కడుందో చూస్తూ పెరిగారు, ఇక్కడా అలాగే సర్దుకున్నారు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఇళ్ళల్లో ఆడపిల్లలు బడి నుంచి రాగానే తల్లి పక్కన చాట ముందేసుకుని కూర్చునేవాళ్ళు, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టడం వాళ్ళ వేళ్ళకు ఎప్పుడొచ్చిందో వాళ్ళకే తెలియదు, అదే వయసు అన్నదమ్ములు మాత్రం బయట ఆడుకుంటుండేవాళ్ళు. ఎవరికి ఏ పని అన్నది మాటతో చెప్పకుండానే అలా తేలిపోయేది. గుంపు తన మాట వినని మనిషిని ఏం చేయగలదో చూడాలంటే నిజామాబాద్, జగిత్యాల వైపు కొన్ని ఊళ్ళలో గ్రామాభివృద్ధి కమిటీలు చేసే సాంఘిక బహిష్కరణ చూడండి. ఆ ఇంటితో ఎవరూ మాట్లాడరు, కిరాణా కొట్టువాడు సామాను ఇవ్వడు, మాట్లాడినవాళ్ళకు జరిమానా. చట్టవిరుద్ధమని తెలిసినా ఊరు ఊరంతా పాటిస్తుంది, నా హాస్టల్లో పలకరింపు మానేసిన పిల్లలు చేసింది కూడా చిన్న ఎత్తున ఇదే.

అదే బలం మంచికీ పనిచేస్తుంది. మన గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి అందరికీ తెలిసిన ఊరే. 1980ల మొదట్లోనే ఊరంతా ఒక్కటై తాగుడు మానుకుంది, తర్వాత నీళ్ళకు, పారిశుద్ధ్యానికి, ఇలా ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని నడిపించుకుంది. ఒక్కొక్కణ్ణి పట్టుకుని తాగొద్దని బతిమాలితే జరిగే పనా అది? తాగేవాడు ఊళ్ళో వింతగా కనిపించే పరిస్థితి తెచ్చారు, అప్పుడు మానడం తేలికైంది. చాలా ఊళ్ళల్లో దావత్‌లో తాగనివాడే వింత.

వరుసల్లో పడ్డ గీతలు చెరపడానికీ ఉపన్యాసం పనిచేయదని కాలేజీలో చూశాను. రెండు జట్లుగా విడిపోయి పలకరించుకోని విద్యార్థులను ఎన్ఎస్ఎస్ వలంటీర్లుగా మేడారం జాతరకు తీసుకెళ్ళాం. గద్దెల దగ్గర క్యూ లైను, తప్పిపోయిన పిల్లలు, ఎత్తు బంగారం, అంటే మొక్కు బెల్లం, నెత్తిన పెట్టుకుని తోసుకొచ్చే జనం. ఆ రద్దీలో ఏడుస్తున్న పిల్లను ఒకడు ఎత్తుకుంటే ఇంకొకడు మైకు దగ్గరికి దారి చేయాలి, వాడు ఏ జట్టు అని చూసే తీరిక ఎవరికుంది? తిరుగు బస్సులో కలిసి కూర్చున్నారు. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్టు 22 మంది పిల్లలను రెండు జట్లు చేసి, వాళ్ళ మధ్య పోటీలు పెట్టి, కొట్లాట దాకా వచ్చాక, ఇద్దరూ కలిస్తే తప్ప తీరని పనులు పెట్టి మళ్ళీ కలిపాడు, సరిగ్గా అదే. మా విద్యార్థుల్లో ఆ కలయిక ఎల్లకాలం నిలిచిందని చెప్పను, కొందరిలో నిలిచింది.

ఇన్ని చెప్పాక ఒక జాగ్రత్త. అన్నిటినీ సహవాసం ఖాతాలో వేసి ఊరుకోవద్దు. నడవడి మారడం వేరు, మనిషి నలిగిపోవడం వేరు. తిండి మానేయడం, నిద్ర లేకపోవడం, ఉన్నట్టుండి ఎవరితోనూ మాట్లాడకపోవడం, లెక్క తేలని డబ్బులు అడగడం, ఆన్‌లైన్ బెట్టింగ్, గంజాయి అనుమానం, ఒంటి మీద దెబ్బలు, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వయసు మహిమ అని ఆగకండి. ఆ రోజే వెళ్ళి పిల్లాణ్ణి ఇంటికి తెచ్చుకోండి, డాక్టర్‌కు చూపించండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. సీనియర్లు వేధిస్తుంటే అది నేరం, 1997 నుంచే మనకు ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. మీరు రాసినదాంట్లో ఇవేవీ నాకు కనపడలేదు, అందుకే ధైర్యంగా ఆగమంటున్నాను.

ఇక మీరు చేయాల్సింది. వాడి దోస్తులను పేర్లతో తెలుసుకోండి. "ఆ వెధవలు" అన్నారంటే వాడు వాళ్ళ వైపు ఇంకాస్త జరుగుతాడు. సంక్రాంతికి ఇద్దరిని ఇంటికి తీసుకురమ్మనండి, సకినాలు తింటూ ఒక రోజు మీ ఇంట్లో ఉంటే ఎవరు ఎలాంటివాళ్ళో మీకే తెలుస్తుంది, ఇంకోవైపు ఆ దోస్తులే మీ ఇంటిని, నాన్న మాటను మెచ్చుకుంటే వాడి నామోషీ సగం అక్కడే పోతుంది. చుట్టాల ముందు తిట్టకండి, పక్కింటి పిల్లాడితో పోల్చకండి. బూతు మాట ఇంట్లో వద్దని ఒక్కసారి గట్టిగా చెప్పండి, కారణాలు వివరించనక్కర్లేదు, ఏ చోటికి ఏ మాటో వాడికి తెలుసు, వార్డెన్ చెప్పిందే దానికి రుజువు. హాస్టల్లో ఒక్క మంచి తోడు దొరికేలా చూడండి, లెక్చరర్ కావచ్చు, మీ మండలం సీనియర్ కావచ్చు, వాలీబాల్ జట్టు కావచ్చు. గది ఒక్కటే లోకమైతే గది చెప్పిందే వేదం, రెండు మూడు చోట్ల వాడికి చోటుంటే ఏ ఒక్క గుంపూ పూర్తిగా మింగలేదు.

కాలేజీ ఇప్పుడు మారిస్తే మళ్ళీ కొత్త గది, మళ్ళీ మొదటి నెల, మళ్ళీ తొక్కు డబ్బా. పైగా చదువు మధ్యలో. వద్దు.

మేనమామతో గట్టిగా చెప్పించడం కూడా వద్దు, కానీ మేనమామ కావాలి. పత్తి ఎనుమాముల మార్కెట్‌కు తోలేటప్పుడు వాణ్ణి వెంట తీసుకుపొమ్మనండి. తేమ ఎంత చూపించింది, కాంటా ఎంత వచ్చింది, అడ్తిదారు, అదే కమీషన్ ఏజెంటు, తక్‌పట్టీలో, అంటే లెక్క చీటీలో, ఏం కోత పెట్టాడు, ఈ లెక్కంతా వాణ్ణే చూసుకొమ్మనండి. ఇంటర్ చదివే పిల్లాడు కదా, ఆ లెక్క వాడికి వస్తుంది, ఇంట్లోవాళ్ళకు వాడి అవసరం ఉందని కూడా తెలుస్తుంది. దారిలో మామ బుద్ధులు చెప్పకుండా వాడు చెప్పేది వినాలి, ఇది ముందే మీ తమ్ముడికో అన్నకో చెప్పి పంపండి. సంక్రాంతి సెలవుల దాకా ఇలా చూడండి. అప్పటికీ మీ మనసు కుదుటపడకపోతే, పిల్లాడు ఏం మాట్లాడుతున్నాడో, ఎవరితో తిరుగుతున్నాడో వివరంగా మళ్ళీ రాయండి, కాలేజీ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.